ప్రరోచనయు, ప్రేక్షకుఁడును
(గూఢచారి చిత్రముల ట్రైలరులను గూర్చి)



నేఁటి నా ప్రసంగవిషయము మీలోఁ గొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. ఇది వేదాంతము కాదు, వ్యవసాయము కాదు, పురాణకాలక్షేపమును గాదు. ఒక గూఢచారి సినిమా యుండును. దానికి ఉత్తరభాగముగా మఱియొక సినిమా తీయుదురు. అది ప్రదర్శనశాలలకు రాకమున్నే దానిలోని రెండున్నర నిమిషముల తునుకను లోకమునకుఁ జూపుదురు. ఆ తునుకకు ట్రైలరని పేరు. ఆ తునుకను జూచి మన పిల్లలు పొంగిపోవుటయు, కోపించుటయు, ఒకరితో నొకరు వాదులాడుటయు నెందులకు జరుగుచున్నదో తెలిసికొనుటయే నేఁటి పని.

రచ్చబండకడ నలుగురైదుగురు యువకు లొక్క సెల్‌ఫోనును జుట్టుముట్టి యొక్కసారిగఁ గేకలు వేయుట మీలోఁ బెక్కుమంది చూచియే యుందురు. "ఏమిరా, ఏమైన" దని యడిగితిమా, "ట్రైలరు వచ్చినది తాతా" యని యొక్క మాట చెప్పి మరల నందులో మునిఁగిపోవుదురు. మనము "పనిలేని వా" రని గొణుగుకొని పోవుదుము. ఇది నవ్వి యూరకుండఁదగిన సంగతియే యైనచో నేను దీనిని జేపట్టకుందును. కాని దీనితో పిల్లల ధనమును, స్నేహమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును ముడివడియున్నవి. కావున దీని మూలము నెఱిఁగి మాటలాడుట పెద్దలకు మేలు.

మొదట ట్రైలరను మాటను విచారింతము. ఆంగ్లభాషలో దానికి వెంబడి వచ్చునది, వెనుక నీడ్వఁబడునది యని యర్థము. ముందు వచ్చుదానికి వెనుక వచ్చునదను పేరేల కలిగెనని మీరడుగవచ్చును. అమెరికాలోని న్యూయార్కు నగరమున 1913వ సంవత్సరమున మార్కస్ లో అను నాటకశాలల యజమానికడఁ బ్రకటనల పనిచూచు నిల్స్ గ్రాన్లండ్ అనునతఁడు, రాఁబోవు నొక సంగీతనాటకపు అభ్యాసమును చిన్న చిత్రముగఁ దీసి ప్రేక్షకులకుఁ జూపెనని చలనచిత్ర చరిత్రకారులు చెప్పుదురు. ఆ తొలిదినములలో నిట్టి తునుకలను అసలు చిత్రము ముగిసిన పిమ్మట జూపెడివారు. అందుచేత నా పేరు. అయితే చిత్రము ముగియఁగనే జనులు లేచిపోవుచుండుటచేత దానిని ముందునకుఁ దెచ్చిరి. స్థానము మాఱినది గాని పేరు మాఱలేదు.

పేరు పరాయిదే యైనను వస్తువు మనకుఁ గ్రొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రమున నాటకమునకు ముందు జరుగు పూర్వరంగమున ప్రరోచన యను నొక యంగము కలదు. ప్రదర్శింపఁబోవు కావ్యమును బ్రశంసించి సభ్యుల మనస్సును దానివైపు త్రిప్పుటయే ప్రరోచన. కాళిదాసు మాళవికాగ్నిమిత్రపుఁ బ్రస్తావనలో, భాసుఁడు మొదలగు ప్రసిద్ధుల నాటకము లుండఁగా వర్తమానకవి నాటకమునందు ఇంత యాదరమేల యని పారిపార్శ్వికుఁడు ప్రశ్నించును. పాతదగుటచేతనే మంచిదనియు, క్రొత్తదగుటచేతనే చెడ్డదనియు ననరాదని సూత్రధారుఁడు సమాధానము చెప్పును. అనఁగా పేరు చూచి మురియువారును, వారిని ఒప్పించి క్రొత్తదానిని జూపఁదలచువారును ఆ నాఁడే యుండిరి. మన యూళ్లలో వీధిభాగవతులు తెర కట్టకమున్నే మద్దెల వాయించుటయు, టూరింగు టాకీసువారు బండికి బొమ్మలంటించి డప్పులతో వీధివీధిఁ ద్రిప్పుచుఁ గరపత్రములు పంచుటయు ప్రరోచన లోని భేదములే. నేఁటి ట్రైలరు ఆ బండియే. కాని యా బండి పది యూళ్లు తిరుగుటకు పది దినములు పట్టెడిది. ఈ బండి యొక్క ఘడియలో ఖండాంతరములు దాఁటుచున్నది.

ఇఁక గూఢచారి సంగతి. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున గూఢపురుషుల నెన్నో విధములుగ విభజించెను. ఒకచోట నిలిచి పనిచేయువారు కాపటికుఁడు, ఉదాస్థితుఁడు, గృహపతికుఁడు, వైదేహకుఁడు, తాపసుఁడు నని యైదు తెఱంగులు. తిరుగుచుఁ బనిచేయువారు సత్రి, తీక్ష్ణుఁడు, రసదుఁడు, భిక్షుకి యని నాలుగు తెఱంగులు. వీరిలోఁ దీక్ష్ణుఁడనఁగా ధనముకొఱకు ప్రాణమును లెక్కసేయక యేనుఁగుతోనైనను క్రూరమృగముతోనైనను బోరాడువాఁడు. సినిమాలలోని గూఢచారులందఱును ఈ తీక్ష్ణుని సంతతివారే. మిగిలిన యెనిమిది తెఱంగులవారు తెరమీఁద రాణింపరు. ఏలయన నిజమైన గూఢచారికి గుర్తింపఁబడకుండుటయే విద్య. సినిమాగూఢచారికో, పది వేలమంది యొక్కసారిగ గుర్తించి యీలలు వేయుటయే విద్య. ఈ విరోధమును మనసున నుంచుకొన్నచో నా చిత్రములలోని సగము సంగతి బోధపడును.

పాశ్చాత్యులు 1962లో జేమ్స్ బాండ్ అను గూఢచారి కథను "డాక్టర్ నో" యను పేరఁ దెరకెక్కించిన పిమ్మట లోకమంతట నీ జాతి చిత్రములు ప్రబలినవి. మన తెలుఁగున 1966లో కృష్ణ కథానాయకుఁడుగా "గూఢచారి 116" వచ్చినది. మీలోఁ గొందఱు బాల్యమున దానిని జూచియుందురు. హిందీలో బొంబాయిలోని యశ్ రాజ్ ఫిలిమ్సు సంస్థవారు 2012లో "ఏక్ థా టైగర్", 2017లో "టైగర్ జిందా హై", 2019లో "వార్", 2023లో "పఠాన్", "టైగర్ 3" అను చిత్రములను దీసి, వీని యన్నిఁటిలోని గూఢచారులు నొక్క లోకమువారే యన్నట్లు కూర్చిరి. ఒక చిత్రములోని వీరుఁడు మఱొక చిత్రములోఁ గొంతసేపు కనఁబడి పోవుచుండును. వీరిలో "వార్" చిత్రపు నాయకుఁడు కబీరు. ఆ పాత్రను హృతిక్ రోషన్ ధరించెను.

ఆ చిత్రమునకు ఉత్తరభాగమే "వార్ 2". ఉత్తరభాగమను పద్ధతియు మన కెఱుక లేనిది కాదు. భవభూతి మహావీరచరితమును రచించి, పిమ్మట ఉత్తరరామచరితమును రచించెను. పూర్వకథ నెఱిఁగినవారికి ఉత్తరకథయందు రెండు కోరికలుండును. తాము ప్రేమించినది మరలఁ గావలెను. అయినను అది క్రొత్తగాను ఉండవలెను. ఈ రెండు కోరికలను నొక్క ముద్దలోఁ దినిపించుట కష్టము. ఉత్తరభాగము మీఁది వాదములలోఁ జాలభాగ మీ చిక్కునుండియే పుట్టుచున్నది. మాఱినచో "ఇది మనది కా" దందురు. మాఱకున్నచో "ఇది పాత" దందురు.

"వార్ 2" విషయమున మఱొక విశేషము గలదు. ఇందులో కబీరునకు ఎదురు నిలుచు విక్రమ్ పాత్రను మన నందమూరి తారక రామారావుగారి మనుమఁడు, జూనియర్ ఎన్.టి.ఆర్. అని ప్రసిద్ధుఁడైన నటుఁడు ధరించెను. 2022లో వచ్చిన "ఆర్.ఆర్.ఆర్." చేత నతని పేరు ఉత్తరదేశమునకు బాగుగఁ దెలిసినది. నేరుగ హిందీలో నతఁడు నటించిన మొదటి చిత్ర మిది. అందువలన బొంబాయిలోఁ దయారైన చిత్రమే యైనను, దాని ట్రైలరు మన పల్లెల రచ్చబండకు మన యింటి పెండ్లిపత్రికవలె వచ్చినది.

క్రమము చెప్పెదను. ఆ నటుని జన్మదినమైన మే 20వ తేదీన, 2025లో, మొదట టీజరను చిన్న తునుకను విడిచిరి. టీజరనఁగా ఉడికించునది, ట్రైలరుకంటెఁ జిన్నది. పిమ్మట జూలై 25న ట్రైలరును విడిచిరి. నాయకు లిరువురును చలనచిత్రరంగమున నిరువదియైదేండ్లు గడపిరను సందర్భమును బురస్కరించుకొని యా తేదీని గోరుకొనిరి. ఆగస్టు 14న హిందీ, తెలుఁగు, తమిళభాషలలోఁ జిత్రము వెలువడినది.

ట్రైలరులో నేమున్నది? ఇరువురు వీరులును మాఱి మాఱి ప్రతినలు పట్టుదురు. ఒకఁడు దేశముకొఱకుఁ బేరును, ఇంటిని, బంధువులను విడిచి నీడవలె బ్రదుకుదు నను భావమును, రెండవవాఁడు తానే యుద్ధమునకు ఆయుధముగ మాఱుదు నను భావమును బ్రకటింతురు. పిమ్మట నేలమీఁదను, నీటిమీఁదను, ఆకాశమునను బోరాటములు. నడుమ నాయికయైన కియారా అద్వానీ కనఁబడును. ఎవఁడు మంచివాఁడో, ఎవఁడు చెడ్డవాఁడో తేల్పకయే ట్రైలరు ముగియును. తేల్పకుండుటయే దాని పని.

దీనిని జూచిన యభిమానుల పలుకులను నేను గొంత శ్రద్ధతో విన్నాను. అవి నాలుగు రకములుగఁ దోఁచినవి. మొదటివారు ఆనందపరులు. తమ వీరుఁడు తెరమీఁదకు వచ్చిన క్షణమే వారికిఁ బ్రధానము. కథ యేమైనను సరియే. రెండవవారు వంతు లెక్కించువారు. ఇరువురు వీరులున్న చిత్రమున మా వాఁ డెంతసేపు కనఁబడెను, తొలిమాట యెవరిది, తుదిదెబ్బ యెవరిది యని వీరు త్రాసు పట్టుదురు. కర్ణుఁడు గొప్పవాఁడా, అర్జునుఁడు గొప్పవాఁడా యని మన హరికథల పందిళ్లలో జరిగిన వాదమే యిది. బొంబాయి చిత్రమున మన తెలుఁగు వీరునకు సమానగౌరవము దక్కునా యను నొక భాషాభిమానమును ఇందుఁ గలసియున్నది. మూఁడవవారు దోషపరీక్షకులు. మేనెలలో టీజరు వచ్చినప్పుడే యంత్రములచేఁ గల్పించిన దృశ్యములు కృత్రిమముగ నున్నవని పలువురు ఆక్షేపించిరి. ట్రైలరు వచ్చినప్పుడు నా మాట పూర్తిగఁ జల్లాఱలేదు. నాలుగవవారు తార్కికులు. ఒక్కొక్క దృశ్యము నాపి యాపి చూచి, గాయము ఏ చెంపను గలదు, వెనుక నున్న పటమెవరిది యని శోధించి, తెలియని కథనంతయు నల్లుదురు.

ఈ నాలుగవవారిని జూచినప్పుడు నాకు న్యాయశాస్త్రము చదివిన దినములు స్మృతికి వచ్చును. వీరు చేయునది అనుమానప్రమాణమే. పొగను జూచి నిప్పును ఊహించుటవంటిదే. అయితే పొగ తనంతఁ దాను లేచినదైనప్పుడే ఆ యూహ నిలుచును. నాటకములవారు పొగను గూడఁ దయారుచేయుదురు గదా!

మనకు స్థాలీపులాకన్యాయమని యొకటి కలదు. కుండలోని యన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచినఁ జాలును; మెతుకన్నింటిని బిదుకనక్కఱలేదు. ట్రైలరును జూచి చిత్రమును నిర్ణయించువా రందఱును, ఎఱిఁగియో యెఱుఁగకయో, ఈ న్యాయమునే యాశ్రయించుచున్నారు. మెచ్చువారికిని, దూఱువారికిని ఆధారమొక్కటియే. కాని యీ న్యాయము పనిచేయుటకు ఒక నియమము గలదు. ఆ మెతుకును గరిఁటెతోఁ దీయువాఁడు పరీక్షించువాఁడై యుండవలెను, వంటవాఁడై యుండరాదు. వంటవాఁడే కుండ యంతయు వెదకి బాగుగ నుడికిన మెతుకునొకదానిని నేతిలోఁ బొరలించి మన నాలుకమీఁదఁ బెట్టినచో, ఆ మెతుకు రుచి మనకుఁ దెలియును గాని కుండ సంగతి తెలియదు. ట్రైలరులోని ప్రతి మెతుకును వంటవాఁడు ఏఱినదే.

ఏఱుట యొక్కటియే కాదు, కూర్చుటయుఁ గలదు. రష్యాదేశపు లెవ్ కులెషోవ్ అను చిత్రకారుఁ డిరువదవ శతాబ్దపుఁ బ్రథమపాదమున నొక ప్రయోగముఁ జేసినట్లు చలనచిత్రవిద్యలోఁ బ్రసిద్ధి. ఒకే నటుని ఏ భావమును లేని ముఖమును ఒకమాఱు ఆహారపాత్ర ప్రక్కను, ఒకమాఱు శవపేటిక ప్రక్కను జేర్చి చూపఁగా, చూపఱులు మొదట నాఁకలిని, పిమ్మట దుఃఖమును ఆ ముఖమునఁ జూచినట్లు తలఁచిరఁట. ముఖము మాఱలేదు, ప్రక్కనున్నది మాఱినది. ట్రైలరు కూర్చువాఁ డీ శక్తితోనే పనిచేయును. ఒక దృశ్యములోని మాటను మఱొక దృశ్యములోని ముఖముమీఁదఁ బలికించును. మొదటి గంటలోనిదానిని గడపటి గంటలోనిదానికి ముందు కాక వెనుక నతికించును. క్రింద మద్దెలను గుండెదడతో సమానముగ వాయించి, హఠాత్తుగ నిశ్శబ్దముఁ జేయును. మనకు ఔత్సుక్యమను భావము పుట్టును. ఆలంకారికులు ఔత్సుక్యమును సంచారిభావములలోఁ జేర్చిరి. అది రసము కాదు. రసమునకుఁ దోడుగ వచ్చిపోవునది. దానినే రసమని భ్రమించుట యీ కాలపు ప్రేక్షకుని కష్టము.

ఇందుఁ జట్టపు సంగతి యొకటి గలదు. అది గ్రామపెద్దలు తెలిసికొనఁదగినది. 2016లో ఇదే యశ్ రాజ్ సంస్థవారు "ఫ్యాన్" అను చిత్రముఁ దీసిరి. ఫ్యాననఁగా అభిమాని. దాని ప్రచారపుఁ దునుకలలో నొక పాట విశేషముగఁ జూపిరి. మహారాష్ట్రదేశమున నొక బడిపంతులమ్మ తన కుటుంబముతోఁ జిత్రమునకుఁ బోఁగా చిత్రములో నా పాట లేదు. ఆమె వినియోగదారుల న్యాయసభ నాశ్రయించెను. రాష్ట్రకమిషనువారు ఆమెకు 10,000 రూపాయల పరిహారమును, 5,000 రూపాయల ఖర్చులును ఇప్పించిరి. సంస్థవారు పై యధికారములకుఁ బోయిరి. తుదకు 2024 ఏప్రిల్ 22న సుప్రీముకోర్టువారు, ట్రైలరు ప్రేక్షకుని టికెట్టు కొనుటకుఁ బురికొల్పునదే గాని తనంతఁ దాను వాగ్దానము గాదనియు, అందుఁ జూపినది చిత్రమున లేకపోయినంత మాత్రమున సేవాలోప మనరాదనియుఁ దీర్పుచెప్పి ఆ పరిహారపు ఆజ్ఞను గొట్టివేసిరి.

ఈ తీర్పువలన మన పిల్లలకుఁ జెప్పవలసినది స్పష్టముగఁ దేలుచున్నది. సంతలో నెద్దును గొనునపుడు పండ్లు పట్టి చూతుము, నడిపించి చూతుము. అమ్మువాఁడు మాట యిచ్చి తప్పినచో నలుగురిలోఁ బెట్టుదుము. ట్రైలరు అట్టి మాట కాదు. అది యెద్దుకొమ్ములకుఁ బూసిన రంగు. రంగు బాగున్నదని సంతోషింపవచ్చును; రంగును జూచి బేరము ముగింపరాదు.

మా యూర నిరువురు యువకులు గలరు. చిన్ననాఁడు నా బడిలో నొక్క బల్లమీఁదఁ గూర్చున్నవారు. ఒకఁడు ఎన్.టి.ఆర్. అభిమాని, రెండవవాఁడు రజనీకాంతు అభిమాని. రజనీకాంతు నటించిన "కూలీ" చిత్రమును "వార్ 2" వెలువడిన ఆగస్టు 14వ తేదీననే రానుండెను. దాని ట్రైలరు ఆగస్టు 2న వచ్చినది. ఆ రెండు తునుకలనుగూర్చి వా రిరువురును టీకొట్టుకడ మాటకు మాట పెంచుకొని, తుదకు మాటలే మానివేసిరి. ఒకని పొలమునకు నీరు రెండవవాని పొలముమీఁదుగఁ బోవలెను. మాటలు మానుటచేత ఆ వారమున నాఱిన నారుమడి సినిమాది కాదు.

నేను వారి నిరువురను మా యరుగుమీఁదకుఁ బిలిచి చెరియొక కాగితము నిచ్చితిని. నడుమ నొక గీఁత గీయుఁడని, ఎడమప్రక్కఁ గన్నులతోఁ జూచినదియు, కుడిప్రక్క మనస్సుతో నూహించినదియు వ్రాయుఁడని చెప్పితిని. మొదటివాఁడు ఎడమప్రక్క "మా వాఁడే గెలుచును" అని వ్రాసెను.

"ఇది కన్నులతోఁ జూచితివా, నాయనా?" అంటిని.

"చూశానండి మాష్టారూ. అవతలివాడు కింద పడ్డాడు గదా!"

"పడినవాఁడు లేవలేదని ఏ నిమిషమునఁ జూపిరి?"

వాఁడు ఫోను తీసి రెండుమాఱులు చూచెను. లేదు. నవ్వుచు నా మాటను గొట్టివేసి కుడిప్రక్కకు మార్చెను. రెండవవాఁడు ఎడమప్రక్క వ్రాసిన "అందులో కథ లేదు" అను మాటయు నట్లే కుడిప్రక్కకుఁ బోయినది. కడకు నెడమప్రక్క నిరువురకును మిగిలినవి యొకటే: ఒక పడవ పోయినది, ఒకఁడు దూఁకెను, ఇరువురు కొట్టుకొనిరి. తగవంతయుఁ గుడిప్రక్కనే యున్నది. తాము కొట్లాడినది చూచినదానికొఱకు కాదనియు, తాము స్వయముగ నల్లినదానికొఱకనియు వారికే తెలిసినది. ఆ సాయంకాలమే కాలువ గండి తెఱచిరని వింటిని. అభిమానము మాత్రము వదలలేదు. వదలవలెనని నేనును జెప్పలేదు.

చిత్రము వచ్చిన పిమ్మట నేమైన దని మీకుఁ దెలియఁగోరిక యుండును. ఆగస్టు 14న రెండు చిత్రములును వచ్చినవి. "వార్ 2" ను జూచినవారు రెండుగఁ జీలిరి. ఇరువురు నటుల శ్రమను మెచ్చినవారు గలరు. కథ బలహీనమనియు, కల్పిత దృశ్యము లతకలేదనియు నన్నవారును గలరు. పెట్టిన ధనమునకును, పెంచిన యాశకును దగినంత రాఁబడి లేదని వార్తాపత్రికలు వ్రాసినవి. మొదటి "వార్" 2019లో హిందీచిత్రము లన్నింటిలో నెక్కువ ధనము నార్జించినది. ఆ పేరును, ఆ నటుల పేరును, ఆ ట్రైలరును గలసియు రెండవదానికి ఆ ఫలమును గూర్చలేకపోయినవి. టీజరులోఁ గల్పితదృశ్యములను దప్పుపట్టినవారి మాట కొంత నిజమైనది. ఏలయన అది కుడిప్రక్క మాట కాదు, ఎడమప్రక్క మాట. కంటికిఁ గనఁబడిన దోషము. గెలుపోటములను గూర్చి పలికినవారి మాటలు మాత్రము గాలికిఁ బోయినవి.

ఇఁక ప్రాణసంగతి. ఇది చెప్పుటకు మనస్సు బరువుగ నున్నను జెప్పక తప్పదు. 2024 సెప్టెంబరు 22న హైదరాబాదులో "దేవర" చిత్రమునకు ముందు జరుగవలసిన సభకు, పట్టశక్యము కానంత జనము వచ్చుటచేత సభనే మానుకొనిరి. ఆ యేఁడు నవంబరు 17న "పుష్ప 2" ట్రైలరును పాట్నా నగరపు గాంధీమైదానమున విడిచినపుడు జనసముద్రము చేరినది. పోలీసులు లాఠీలకుఁ బని చెప్పవలసివచ్చినది. తెలుఁగు సినిమా తునుకకై బీహారున నంతజనమా యని మనవారు గర్వించిరి. పదునెనిమిది దినములు తిరుగకమున్నే, డిసెంబరు 4వ తేదీ రాత్రి, హైదరాబాదులోని సంధ్యా థియేటరుకడ ఆ చిత్రపు ముందస్తు ప్రదర్శనకు వచ్చిన జనుల త్రొక్కిసలాటలో నొక యిల్లాలు ప్రాణము విడిచెను. ఆమె కుమారుఁడు చిన్నవాఁడు. తీవ్రముగ గాయపడి చిరకాలము వైద్యశాలలో నుండవలసివచ్చెను.

ఆ తల్లి యొక సినిమా చూడవచ్చినది. అందు దోషమేమియు లేదు. మన తల్లులును, అక్కలును వచ్చినట్లే వచ్చినది. ఔత్సుక్యమును మొదటి దినమునకే, మొదటి ఘడియకే పోగుచేయు పద్ధతియందున్నది దోషము. ట్రైలరు మొదలు ప్రతి తునుకయు "ముందుగ, అందఱికంటె ముందుగ" అని తొందరపెట్టుచున్నది. బియ్యపుబస్తా నేఁడు కొన్నను ఎల్లుండి కొన్నను అదే బియ్యము. సినిమాయు నంతే. నాలుగవ దినమునఁ జూచినవాని కన్నులకు తక్కువ చిత్రము కనఁబడదు.

అట్లని పిల్లలకు ట్రైలరులను నిషేధింపుఁడని నేననను. నిషేధించినది చాటున జరుగును. వారి సంతోషము నిజమైన సంతోషము. నలుగురు గూడి నవ్వుటకు మన పల్లెలలోఁ గారణములు తఱుగుచున్న దినములలో నొక తునుక వారిని రచ్చబండకడకుఁ జేర్చుచున్నదన్న, దానిని జెడఁగొట్టనేల? పెద్దలు చేయఁదగిన పని వేఱు. ఆ గుంపు ప్రక్కఁ గొంచెముసేపు కూర్చుండుఁడు. "ఏదీ, నాకును జూపుము" అని యడుగుఁడు. చూచిన పిమ్మట "ఇందు నీవు చూచిన దేమి, ఊహించిన దేమి?" అని యడుగుఁడు. కోపముగఁ గాక తెలిసికొనఁగోరువానివలె నడుగుఁడు. బదులు వారే వెదకుకొందురు.

తోరణములకును, పాలాభిషేకములకును జందాలు వేయువేళ, కూలిడబ్బులనుండి వేయుచున్న దెవ్వఁడో కనిపెట్టుఁడు. అప్పుచేసి మొదటి ఆటకుఁ బట్టణమునకుఁ బోవువానిని నాలుగు దినము లాగుమని బుజ్జగింపుఁడు. పోక తప్పదన్నచో, చంటిపిల్లలతోను వృద్ధులతోను మొదటి రాత్రి గుంపులోఁ జొరఁబడవలదని యింటివారికిఁ గట్టిగఁ జెప్పుఁడు. ఈ చివరిమాటలో మాత్రము మొగమాట పడకుఁడు.

కౌటిల్యుఁ డొక గూఢచారి తెచ్చిన వార్తను మాత్రమే నమ్మవలదనియు, ఒకరినొకరెఱుఁగని మువ్వురి మాట యొక్కటియైనప్పుడే నమ్మవలె ననియు రాజునకు బోధించెను. గూఢచారి చిత్రముల యభిమానులు ఈ యొక్క సంగతిని ఆ శాస్త్రమునుండి గ్రహించినఁ జాలును. ట్రైలరు తెచ్చినది యొక్కని వార్త. అదియు నమ్మువాఁడు పంపిన వాని వార్త. చూచివచ్చినవారు ఇద్దఱు ముగ్గురు చెప్పువఱకు టికెట్టు డబ్బు జేబులోనే యుండవచ్చును.